చెమటలో ఉప్పు ఎక్కువే, కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ కాదట. మరి మావాడి తడి దగ్గు ఏమిటి?

బాపట్ల_అమ్మ · మే 6, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా బాబుకి మూడున్నరేళ్ళు. పుట్టిన ఎనిమిదో రోజున పాలు తాగడం మానేశాడు. కక్కుకోవడం, ఒళ్ళు వేలాడేసెయ్యడం. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి సోడియం బాగా పడిపోయి 118, పొటాషియం పెరిగిపోయి 9 దగ్గర. మానిటర్ మీద గుండె గీతలు చూసి నర్సమ్మ పరిగెత్తడం నాకింకా గుర్తే. ముందు అడ్రినల్ గ్రంథి జబ్బేమోనని హార్మోన్ మందులు పెట్టారు. ఎంత ఇచ్చినా సోడియం ఎక్కలేదు. తర్వాత ఆల్డోస్టెరోన్ (ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోన్) పరీక్ష చేయిస్తే అది తక్కువగా లేదు, కొండంత ఉంది! అప్పుడు చెప్పారు, సూడోహైపోఆల్డోస్టెరోనిజం టైప్ 1 అని. అంటే హార్మోన్ ఉన్నా ఒళ్ళు దాని మాట వినదు, కిడ్నీలు ఉప్పుని వదిలేసి పొటాషియంని పట్టి ఉంచుతాయి. పేరు నోరు తిరగడానికే నెల పట్టింది. ఇంట్లో మేము పీహెచ్ఏ అంటాం.

అప్పట్నుంచీ రోజూ ఉప్పు తూచి పట్టడం, పొటాషియంని పట్టి ఉంచే పొడి పాలలో కలిపి, తేరనిచ్చి, పైతేట తాగించడం. అవన్నీ అలవాటైపోయాయి. నా బాధ అది కాదు, ఊపిరితిత్తులు. వీడికి ముక్కు ఎప్పుడూ నీళ్ళలా కారుతూనే ఉంటుంది. గొంతులో గరగర, తడి దగ్గు, పిల్లికూతలు, డొక్కలెగరెయ్యడం. ఏడాదికి ఐదారుసార్లు ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సొస్తోంది. ఒకాయన ఉబ్బసం అని ఇన్‌హేలర్ రాశారు. ఇంకొకాయన ప్రైమరీ కాంప్లెక్స్ (చిన్నపిల్లల క్షయ) అని ఆర్నెల్లు మందులు వాడించారు (మా ఊళ్ళో దగ్గే ప్రతి పిల్లాడికీ ఆ కోర్సు ఒకసారి పడుతుంది). పోయిన నెల వేరే ఊళ్ళో చెమట పరీక్ష చేశారు. క్లోరైడ్ 94. కాగితం మీద సిస్టిక్ ఫైబ్రోసిస్ (కఫం బంకలా మారి ఊపిరితిత్తులు ఏటేటా పాడయ్యే పుట్టుజబ్బు) అని రాసేశారు. మా అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. తీరా జన్యు పరీక్ష వాళ్ళు చూసి, కాదమ్మా, ఇది మీ పాత జబ్బే అన్నారు.

పరీక్షలో రెండు జబ్బులూ ఒకేలా ఎలా కనిపిస్తాయి? అసలు ఉప్పు జబ్బుకీ ఊపిరితిత్తులకీ సంబంధం ఏమిటి? ఎవరూ కూర్చుని చెప్పలేదు.

---

కరీంనగర్_కిరణ్ · మే 6, రాత్రి 11:05

అక్కా, పరేషాన్ గాకు. మా బిడ్డకు గిట్లనే దగ్గుంటుండె. వాము ఆవిరి పట్టిస్తే తగ్గింది. ఎండలు గూడ మస్తున్నయ్ కదా, పొద్దుగాల పొద్దుగాల లేత కొబ్బరి నీళ్ళు తాపుండ్రి. ఒంట్ల ఉప్పు, నీళ్ళు తగ్గకుంటయ్.

---

వైజాగ్_పిల్లల_డాక్టరు · మే 6, రాత్రి 11:19

కిరణ్ గారూ, మంచి మనసుతోనే రాశారు. కానీ ఈ బాబుకి కొబ్బరి నీళ్ళు పట్టకూడదు. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్ళలో పొటాషియం సుమారు 250 మిల్లీగ్రాములు, సోడియం మాత్రం తక్కువ. ఈ పిల్లలకి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. అరటిపండూ అంతే. బజార్లో "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పు ప్యాకెట్లు ఇంకా ప్రమాదం, వాటిలో సగం పొటాషియం క్లోరైడే ఉండొచ్చు. విరేచనాలప్పుడు అందరం ఇచ్చే ఓఆర్ఎస్‌లో కూడా లీటరుకి 20 మిల్లీమోల్స్ పొటాషియం ఉంటుంది. అమ్మా, అది కూడా మీ డాక్టర్ని అడగకుండా పట్టకండి. బాబు నీరసంగా ఉన్నాడని ఏ చుట్టమో ప్యాకెట్ కలిపేస్తారు, జాగ్రత్త.

ఊపిరితిత్తుల సంగతి రేపు రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.

---

కరీంనగర్_కిరణ్ · మే 6, రాత్రి 11:24

అయ్యో, తెల్వక రాసిన అక్కా. మాఫ్ చెయ్యి. ఆ పోస్టు తీసేయమంటే తీసేస్త.

---

బాపట్ల_అమ్మ · మే 6, రాత్రి 11:31

తీసెయ్యొద్దు తమ్ముడూ, ఉండనీ. నాకు ఆ సలహా ఇప్పటికి నలభైమంది ఇచ్చుంటారు. డాక్టరు గారి జవాబు దాని కిందే ఉంటే మంచిది.

---

డల్లాస్_నాన్న · మే 7, ఉదయం 6:50

అమ్మా, మాది గుంటూరు, ఇప్పుడు డల్లాస్. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడిది అసలు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఇక్కడ పుట్టిన వారంలోనే మడమ దగ్గర రక్తం తీసి చూస్తారు కాబట్టి తొందరగా తెలిసింది. చెమట పరీక్ష గురించి నాకు తెలిసింది చెబుతాను. పైలోకార్పిన్ మందు చేతికి రాసి చిన్న కరెంటు పెడతారు, చెమట పడుతుంది, దాన్ని పట్టి క్లోరైడ్ కొలుస్తారు. 60 దాటితే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనుకుంటారు, 30 లోపైతే దాదాపు కాదు. మావాడిది 102.

దీని కథ కూడా ఎండలతోనే మొదలైంది. 1948 వేసవిలో న్యూయార్క్‌లో వడగాడ్పులు కొడితే ఈ జబ్బున్న పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువగా వడలిపోయి ఆస్పత్రికి రావడం చూసి పాల్ డి సాంట్ఆగ్నీజ్ అనే డాక్టరుకి అనుమానం వచ్చింది. చెమటలో ఉప్పు ఎక్కువ పోతోందని 1953లో అచ్చు వేయించారు. అది క్లోరైడ్ దారి మూసుకుపోవడం వల్లేనని 1983లో పాల్ క్వింటన్ చూపించారు. ఆయనకే ఈ జబ్బు ఉంది.

కానీ అమ్మా, మావాడి కఫం జిగురు. బంక. గోడకి కొడితే అతుక్కుంటుంది. మీరు నీళ్ళలా అంటున్నారు. అక్కడే నాకు తేడా కొట్టింది.

---

మాగాయ_జాడీ · మే 7, మధ్యాహ్నం 2:15

ఇరవై ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పాను తెనాలిలో, ఇలాంటి ప్రశ్న చూస్తే చేతులు ఊరుకోవు. డాక్టర్ని కాదు, వైద్యం నన్నడగొద్దు.

మాగాయ పెట్టేటప్పుడు ఏం చేస్తాం? మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి మూడు రోజులు ఊరబెడతాం. జాడీలో ఊట చేరుతుంది. ఆ నీళ్ళు మనం పొయ్యలేదు, ముక్కలోవే. బయట ఉప్పు ఉంది కాబట్టి బయటికొచ్చాయి. ఉప్పు ఏ పక్క ఎక్కువుంటే నీళ్ళు ఆ పక్కకి పోతాయి. ఇది పట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

మన గాలి గొట్టాల లోపలి గోడ మీద పల్చని నీటి పొర ఉంటుంది. ఎంత పల్చనంటే సుమారు 7 మైక్రాన్లు, వెంట్రుక మందంలో పదో వంతు. ఆ నీళ్ళలో సన్నటి కేశాలు వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతూ, పైన తేలే చీమిడిని, దుమ్మునీ, క్రిములనీ గొంతువైపు తోస్తుంటాయి. ఆ పొర లోతు సరిగ్గా ఉండాలి. తగ్గితే కేశాలు బంకలో కూరుకుపోతాయి. పెరిగితే నీళ్ళు ఎక్కువై గొట్టాల్లో గరగర.

ఆ లోతుని కాపాడేవి గోడ కణాల్లో ఉండే రెండు ద్వారాలు. ఒకటి క్లోరైడ్‌ది, పేరు సీఎఫ్‌టీఆర్. ఇది ఉప్పుని బయటికి, అంటే నీటి పొరలోకి వదులుతుంది. రెండోది సోడియంది, పేరు ఈనాక్. ఇది పొరలోని సోడియంని కణం లోపలికి లాగేస్తుంది, వెనకాలే నీళ్ళూ పోతాయి. ఒకటి నింపేది, ఇంకోటి తోడేది అనుకోండి.

డల్లాస్ బాబుకి నింపేది పాడైంది. తోడేది మాత్రం పనిచేస్తూనే ఉంది. పొర ఎండిపోయింది, అందుకే బంక. బాపట్ల బాబుకి తోడేదే పుట్టుకతో పాడు. పొరలో ఉప్పు అక్కడే ఉండిపోయింది, ఉప్పుతోపాటు నీళ్ళూ. జాడీలో ఊటలాగా.

మరి చెమట? చెమట గ్రంథి అడుగున తయారయ్యే ద్రవం మొదట ఉప్పగానే ఉంటుంది. చర్మం మీదికి వచ్చే దారిలో ఆ నాళం ఉప్పుని వెనక్కి తీసుకుంటుంది. అక్కడ మాత్రం ఈ రెండు ద్వారాలూ ఒకే పని చేస్తాయి: సోడియంని ఈనాక్, క్లోరైడ్‌ని సీఎఫ్‌టీఆర్ లోపలికి లాక్కుంటాయి. ఏది మూసుకుపోయినా రెండోది ఒంటరిగా పని చెయ్యలేదు. చెమట ఉప్పగానే బయటికొస్తుంది. చెమట కాగితం మీద ఇద్దరు పిల్లలూ కవలలు. ఊపిరితిత్తుల్లో ఒకడిది ఎండాకాలం కాలవ, ఇంకొకడిది వరద కాలవ.

---

బాపట్ల_అమ్మ · మే 7, సాయంత్రం 4:02

మాస్టారూ, ఇది మూడుసార్లు చదివాను. మావారికి ఫోన్లో చదివి వినిపించాను. మూడున్నరేళ్ళలో మొదటిసారి నాకు అర్థమైంది. మా అత్తయ్య "మాగాయ కథ మళ్ళీ చెప్పు" అంటోంది.

ఒక అనుమానం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు నీళ్ళతోనే నిండి ఉంటాయంటారు కదా. మరి పుట్టగానే ఆ నీళ్ళు తోడాల్సింది ఈ తలుపేనా? మావాడు పుట్టినప్పుడు కెవ్వుమని బానే ఏడ్చాడు, ఆక్సిజన్ కూడా పెట్టలేదు.

---

మాగాయ_జాడీ · మే 7, సాయంత్రం 5:40

అమ్మా, మంచి చోట పట్టుకున్నారు. 1996లో ఎలుకల మీద సరిగ్గా ఇదే చూశారు. ఈ ద్వారంలో మూడు ముక్కలుంటాయి, ఆల్ఫా, బీటా, గామా అని. ఆల్ఫా ముక్క లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలు ఊపిరితిత్తుల్లో నీళ్ళు తియ్యలేక రెండు రోజుల్లోపే చచ్చిపోయాయి. అదే ఏడాది మనుషుల్లో పీహెచ్ఏ ఈ ముక్కల జన్యువుల్లో తప్పుల వల్లేనని తేలింది. మరి మనుషుల పిల్లలూ అలాగే అవ్వాలి కదా? చాలామంది మీ బాబులాగే మామూలుగా ఊపిరి పీలుస్తూ పుడతారు. ఎలుకకి ఉన్న తిప్పలు మనిషికి లేవు. ప్రయోగశాలలో తేలిందల్లా మన పిల్లలకి అతికించెయ్యకూడదని నేను క్లాసులో ఈ ఉదాహరణే చెప్పేవాణ్ణి.

---

వైజాగ్_పిల్లల_డాక్టరు · మే 8, రాత్రి 9:10

మాస్టారు చెప్పాక నాకు మిగిలింది మంచం పక్కన కనపడేదే.

1999లో జెరూసలేం, నార్త్ కరోలినా పరిశోధకులు కలిసి ఒళ్ళంతా వ్యాపించే పీహెచ్ఏ ఉన్న తొమ్మిదిమందిని పరీక్షించారు. గాలి గొట్టాల మీది ద్రవం మామూలుకంటే రెండు రెట్లు మించి ఉంది. చిన్నపిల్లల్లో పదేపదే దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టెయ్యడం. కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మకాం వేసే సూడోమోనాస్, స్టాఫ్ లాంటి క్రిములు వీళ్ళ ఊపిరితిత్తుల్లో పాతుకుపోలేదు. ఇంకో వింత: చీమిడి బయటికి పోయే వేగం మామూలువాళ్ళకంటే దాదాపు నాలుగు రెట్లు. నీళ్ళు ఎక్కువున్నాయి కాబట్టి కొట్టుకుపోతోంది! వయసు పెరిగినకొద్దీ ఈ ఛాతీ ఇబ్బందులు తగ్గాయి.

అందువల్ల బాపట్ల అమ్మగారూ, ఒక మాట. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనగానే అందరూ భయపడేది ఊపిరితిత్తులు ఏటేటా పాడవుతాయని. మీ బాబు దారి సాధారణంగా అది కాదు. అలాగని న్యూమోనియా అసలు రాదని నేననను. జ్వరం, ఆయాసం ఉంటే చూపించాల్సిందే. మందమైన, పచ్చటి కఫం వస్తే కల్చర్‌కి (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి) పంపమనండి.

ఇన్‌హేలర్ ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఉబ్బసంలో గొట్టం కండరం బిగుసుకుంటుంది, ఆ మందు దాన్ని వదులు చేస్తుంది. ఇక్కడ కూత నీళ్ళ వల్ల. తమాషా ఏమిటంటే, ఆ ఇన్‌హేలర్ మందునే, అంటే సాల్బుటమాల్‌ని, నెబులైజర్‌లో పెడితే రక్తంలో పొటాషియం కాసేపు కణాల్లోకి వెళ్ళి దిగుతుంది. పొటాషియం పెరిగినప్పుడు ఐసీయూలో మేం వాడతాం. దగ్గుకని రాసిన మందు మీవాడికి తెలియకుండా ఇంకో మేలు చేసుండొచ్చు.

మొదట్లో ఇచ్చిన హార్మోన్ మందుల గురించి కూడా. ఆల్డోస్టెరోన్ అనేది ఈనాక్ తలుపుకి తాళంచెవి. తలుపే తెరుచుకోకపోతే ఎన్ని చెవులిచ్చి ఏం లాభం? అందుకే ఆ మందు పనిచెయ్యలేదు, ఒంట్లో ఆల్డోస్టెరోన్ కొండంత పేరుకుంది. పీహెచ్ఏలోనే ఇంకో రకం ఉంది, అందులో పాడయ్యేది ఆ చెవి పట్టే రిసెప్టర్. అది కిడ్నీ వరకే, వయసుతో తేలికపడుతుంది, ఊపిరితిత్తుల జోలికి పోదు. రిపోర్టులో ఏ జన్యువో చూసుకోండి.

---

డల్లాస్_నాన్న · మే 8, రాత్రి 10:30

డాక్టరు గారూ, మావాడికి రోజూ 7 శాతం ఉప్పు నీళ్ళు నెబులైజర్‌లో పడతాం. కఫం పల్చబడి బయటికొస్తుంది. ఈ బాబుకి కనీసం 3 శాతం పెడితే?

---

వైజాగ్_పిల్లల_డాక్టరు · మే 8, రాత్రి 10:44

మాగాయ సూత్రం గుర్తు తెచ్చుకోండి సార్. మీవాడి ఎండిన గొట్టంలో ఉప్పు పెడితే నీళ్ళు ఊరతాయి, అది మేలు. ఈ బాబు గొట్టంలో ఇప్పటికే ఉప్పూ నీళ్ళూ ఎక్కువ. మళ్ళీ ఉప్పు పెట్టడంలో అర్థం లేదు. మన ఆస్పత్రుల్లో చిన్నపిల్లలకి దగ్గు, పిల్లికూతలంటే 3 శాతం సెలైన్ నెబులైజేషన్ మామూలుగా పెట్టేస్తారు. కాబట్టి అమ్మా, ఎక్కడ చేర్చినా పీహెచ్ఏ అన్న సంగతి ముందే చెప్పండి.

---

ఫిజియో_సుధ · మే 9, ఉదయం 7:20

ఛాతీ ఫిజియోథెరపీ సంగతి నేను రాస్తాను. సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలకి మేం రోజూ రెండు పూటలా చేయిస్తాం, ఎందుకంటే వాళ్ళ కఫం తనంతట తాను కదలదు. మీ బాబుది కదులుతుంది. రోజూ వీపు మీద తట్టి తట్టి వాణ్ణి ఏడిపించక్కర్లేదు. జలుబు చేసి ఛాతీ గరగరమన్న రోజుల్లో చాలు. మూడున్నరేళ్ళ వాడికి "హఫ్" చెయ్యమంటే చెయ్యడు. అద్దం మీద ఆవిరి పట్టించమనండి: నోరు తెరిచి "హా" అని. లేదా సబ్బు బుడగలు ఊదించండి. నేను మా సెంటర్లో పిల్లలచేత ఊదించే బుడగల ఖర్చు చూసి మావారు నవ్వుతారు.

---

చూసేవాడు_77 · మే 9, మధ్యాహ్నం 12:03

ఇవన్నీ మేనరికాల వల్ల. చేసుకునేటప్పుడు బుద్ధుండాలి. తర్వాత ఇక్కడికొచ్చి ఏడిస్తే ఏం లాభం.

---

నిర్వాహకుడు · మే 9, మధ్యాహ్నం 12:20

77 గారూ, జన్యువుల గురించి మాట్లాడొచ్చు, తల్లిదండ్రుల్ని దెప్పడం కుదరదు. ఇంకోసారైతే ఖాతా ఆపేస్తాను.

---

ఒంగోలు_రెండో_పాప · మే 9, రాత్రి 8:55

ఆ మాట నేను కన్నవాళ్ళ నోట, అత్తింటివాళ్ళ నోట, ఆటో డ్రైవర్ నోట కూడా విన్నాను. 77 గారి నోట వినకపోతే ఏమీ తక్కువయ్యేది కాదు.

మాది మేనమామ సంబంధమే. మొదటి బాబు పదకొండో రోజు పోయాడు. ఏ జబ్బో తెలియదు, దిష్టి అన్నారు, పాలు పడలేదన్నారు. రెండో పాపకి తెలిసింది, పీహెచ్ఏ. ఇప్పుడు ఆరేళ్ళు. బాపట్ల అక్కా, మీ పోస్టు చదివితే మా పాప మూడేళ్ళప్పటి డైరీ చదివినట్టుంది. ఒంటి మీద చెమటకాయలు కూడా వస్తాయా వాడికి? మా పాపకి చీము పొక్కుల్లా వచ్చేవి. ఉప్పు చెమట వల్లనే అన్నారు.

జన్యు విభాగంలో మేడమ్ కాగితం మీద గీసి చూపించారు. తల్లిదగ్గర ఒక పాడైన ప్రతి, తండ్రిదగ్గర ఒకటి. ఇద్దరికీ జబ్బు లేదు. ప్రతి కాన్పులోనూ రెండూ బిడ్డకి చేరే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ, మేనకోడళ్ళ మధ్య జన్యువులు సగటున నాలుగో వంతు ఒకటే, మేనబావ మరదళ్ళ మధ్య ఎనిమిదో వంతు. అందుకే మన వైపు ఇలాంటి అరుదైనవి కనిపిస్తాయి. బయటి సంబంధమైనా రావచ్చు, అవకాశం తక్కువ, అంతే. మూడో కాన్పు అనుకుంటే పాప జన్యువులోని తప్పు అక్షరం తెలిసింది కాబట్టి మూడో నెలలోనే మాయ నుంచి ముక్క తీసి చూడొచ్చన్నారు. ఇంకా తేల్చుకోలేదు.

దగ్గు సంగతి: ఐదు దాటాక బాగా తగ్గింది. పోయిన ఏడాది ఒక్కసారే చేర్చాం.

---

బాపట్ల_అమ్మ · మే 9, రాత్రి 9:30

వస్తాయి చెల్లీ, చెమటకాయలు. మెడ మీద, వీపు మీద. పౌడరు మార్చి మార్చి చచ్చాను. మాది బావమరదళ్ళ సంబంధం.

ఐదు దాటాక తగ్గిందన్నావు చూడు, ఆ లైను స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

---

డల్లాస్_నాన్న · మే 10, ఉదయం 5:15

నేనొకటి ఒప్పుకోవాలి. మావాడి జబ్బు జన్యువు 1989లో దొరికింది, 2019లో మూడు మందులు కలిపిన ట్రైకాఫ్టా అనే మాత్రకి ఇక్కడ అనుమతి వచ్చింది. అది మొదలెట్టాక వాడి రాత్రి దగ్గు ఆగిపోయింది. మా జబ్బుకి పరిశోధన ఉంది, డబ్బుంది, చందాల కోసం చేసే నడకలు ఉన్నాయి. మీ జబ్బుకి తూకం వేసిన ఉప్పు ఉంది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, ఎందుకో తెలియదు.

---

బాపట్ల_అమ్మ · మే 10, ఉదయం 9:40

సిగ్గెందుకన్నయ్యా. మీవాడు నిద్రపోతున్నాడు, అది చాలు. ఉప్పు చవక, అది మా అదృష్టం.

---

బాపట్ల_అమ్మ · జూన్ 10, రాత్రి 9:15

చాలా రోజులకి వచ్చాను. రిపోర్టు వచ్చింది, ఆల్ఫా ముక్క జన్యువులోనే తప్పు, రెండు ప్రతుల్లోనూ. సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్న మాట ఫైల్లోంచి కొట్టేయించాను. రోహిణి కార్తెలో ఒకసారి కక్కుకున్నాడు, సెలైన్ ఎక్కించారు, రెండో రోజుకి ఇంటికొచ్చేశాం. చేర్చేటప్పుడు నర్సు 3 శాతం నెబులైజేషన్ సిద్ధం చేస్తుంటే నేనే ఆపాను. డ్యూటీ డాక్టరు ముందు చిరాకుపడి, ఫైలు చదివి, తర్వాత మాగాయ కథ నన్నే మళ్ళీ చెప్పమన్నాడు.

ఎల్లుండి నుంచి అంగన్‌వాడీకి పంపుతున్నాం. టీచరుగారికి ఇవ్వడానికి ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"మేడమ్, మా బాబుకి ఎప్పుడూ ఉండే దగ్గు, ముక్కు కారడం అంటుకునేవి కావు. డబ్బాలో పంపే ఉప్పు నీళ్ళు పదకొండింటికి తప్పక తాగించండి, వద్దని ఏడ్చినా సరే. అరటిపండు, కొబ్బరి నీళ్ళు, ఓఆర్ఎస్ పెట్టవద్దు. కక్కుకున్నా, ఒళ్ళు వేలాడేసినా ఎదురుచూడకుండా ఫోన్ చెయ్యండి."

---

వైజాగ్_పిల్లల_డాక్టరు · జూన్ 10, రాత్రి 10:02

బాగుంది. జబ్బు పేరూ, మీ డాక్టరు నంబరూ అడుగున రాసి, ఒక జిరాక్స్ బాబు సంచిలో కూడా పెట్టండి. కూరగాయల సంగతి కూడా ఒక లైను: అక్కడ వండే పప్పులో పొటాషియం ఉండే టమాటా, మునగాకు పడతాయి కదా.

---

ఒంగోలు_రెండో_పాప · జూన్ 10, రాత్రి 10:20

అక్కా, అన్నం డబ్బా ఇంటినుంచే పంపు. కూరముక్కలు సన్నగా తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి తాలింపు పెట్టు. మా పాప మొదటి రోజు పక్క పిల్ల అరటిపండు సగం తినేసింది. ముందే ఆ పిల్ల వాళ్ళమ్మని కూడా కలిసి చెప్పు.